కరుణకు రాసిస్తున్న నారు షెడ్డు

రేపల్లె నివాసి కట్టా శాలేమురాజు, వయసు ఇరవై నాలుగు, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా. రేపు తెనాలిలో నాకు అపెండిక్స్ ఆపరేషన్. "దానికి వీలునామా ఏంట్రా, పెళ్ళైనా కాలేదు!" అని అమ్మ స్నేహలత నవ్వింది. నవ్వనీండి. నేను పోతే మర్నాడే మా మేనమామ అజయ్ బాబు మా పెరట్లో తన ప్లాస్టిక్ కొట్టు తాలూకు నీళ్ళ ట్యాంకులు దించుతాడని నాకు గట్టి అనుమానం.

1. పెరడు అమ్మది. అందులో నిలబడ్డ నారు షెడ్డు నాది. పీవీసీ పైపులు, పైకప్పు షీటు, చుట్టూ పచ్చ నెట్, నారు ట్రేలు, అన్నీ నా చెల్లెలు కరుణకి. ప్రతి పైపు మీదా మార్కరుతో నా పేరుంది. మామయ్య తనవంటే కరుణ పైపు తిప్పి ఆ పేరు చూపించాలి.

2. పైకప్పుకి మొదట వేసిన ప్లాస్టిక్ షీటు మామయ్య తెనాలి కొట్లోది. ఐదేళ్ళు ఎండకి ఆగుతుందన్నాడు. రెండో వేసవికే అప్పడంలా విరిగింది. బాపట్ల రైతు ప్రదర్శనలో తెచ్చుకున్న కరపత్రంలో ఉంది: నాసిరకం షీటు ఎండకి పొడిపొడై మట్టిలో కలిస్తే మళ్ళీ ఏరలేం. అడిగితే "కాగితాలు చదివొచ్చి నాకు ప్లాస్టిక్ నేర్పుతావా అల్లుడూ?" అన్నాడు. ఏరగలిగిన ముక్కలు డబ్బాలో దాచాను. ఆ డబ్బా మామయ్యకి. కొట్లో అందరికీ కనబడేలా పెట్టుకోవాలి.

3. నీలం డ్రమ్ము ఎవరికీ ఇవ్వను. మామయ్యే తెచ్చాడు, అందులో ముందేముందో ఇప్పటికీ చెప్పడు. పురుగుమందు వాసన. అమ్మేమో బియ్యం పోస్తానంటుంది. వద్దమ్మా. అడుగున చిల్లు పెట్టేశాను.

4. గాలికి షెడ్డు ఊగుతుందని వీధంతా నవ్వారు. పైపుల జాయింట్లకి గమ్ము పూయకపోవడం మతిమరుపు కాదు. మామయ్య ఎప్పటికైనా స్థలం అడుగుతాడని కట్టిన రోజే అనుకున్నాను. లాగితే ఊడొస్తాయి, ఒక్క ఆటోలో పడతాయి. కరుణా, ట్యాంకుల లారీ కనబడగానే విప్పెయ్.

5. అమలు బాధ్యత కరుణదే. అమ్మకి తమ్ముడంటే ప్రాణం, అందుకే తనని పెట్టలేదు.

6. ఇంతవరకు చదివి కరుణ, "నాకొద్దన్నయ్యా, ఆ షెడ్డులో పాములు. నువ్వు ముందు తిరిగి రా" అంది. కోపమొచ్చింది. సరే, బలవంతం లేదు. వద్దనుకుంటే ఎవరికైనా ఇచ్చెయ్, మామయ్యకి తప్ప. కానీ మిరప నారు ఇప్పుడే రెండాకులు వేసింది. రేపు నేను బస్సెక్కాక ఒక్కసారి నీళ్ళు పొయ్యి. ఇది ఆస్తి పంపకం కాదు, అడుగుతున్నాను.

రేపల్లె, 18 ఆగస్టు 2025
(సం.) కట్టా శాలేమురాజు

సాక్షులు:
వెంకటకృష్ణయ్య, ఎదురింటి రిటైర్డ్ పోస్ట్‌మాన్
షఫీక్, సైకిల్ షాపు
(ఇద్దరూ మామయ్యకి ఏమీ కారు. విచారించాను.)