వరుస ఆగిన చోటు

ఎల్ బాంకో

ప్రియమైన సొరాయిదా డాక్టరమ్మకు,

పార్కిన్సన్స్‌కి మీరిచ్చిన మాత్ర పనిచేయడం లేదు. పొద్దున్నే ఉడికించిన కర్రపెండలం, ఇంత ఉప్పు చీజుతో వేసుకుంటున్నాను. మధ్యాహ్నందాకా కాళ్లకు మేకులు కొట్టినట్టే ఉంటోంది.

అసలు కోపం వేరే. మా కుంబియా నాట్యబృందం పెద్ద యదీరా నన్ను వరుస ముందునుంచి తీసేసింది. నా మేనకోడలే, నేను నేర్పిన అడుగులే వేస్తుంది. "అత్తా, ముందు నడిచే మనిషి ఏం చేస్తే వెనకవాళ్లంతా అదే చేయాలి. నీ కాలు అతుక్కుంటే వరుసంతా అతుక్కుంటుంది. పైగా ఆ వణికే చేత్తో వెలిగే కొవ్వొత్తుల కట్ట పట్టుకుని ఆడతావా? ఊరు తగలబెడతావా?" అంది. నవ్వుతూ అంది, అందుకే ఇంకా మండింది.

మీరు చీటీలో విశ్రాంతి అని రాశారు. నేను తీసుకోను. ఈ పండక్కి కొవ్వొత్తులు పట్టుకుని ముందు నడుస్తాను. మీరు సాయపడితే సరే, లేదంటే నా దారి నాది.

మీ ఎనెయిద

---

బరాంకియా

నా మొండి ఎనెయిదక్కకు,

మీ అక్షరాలు చీమల్లా అయిపోతున్నాయి. పెద్దగా రాయండి, చేతికి మంచిది.

ఆ చీజు సంగతి ముందే చెప్పొద్దా? అది మాత్రను ఒంటికి పట్టనివ్వదు. మాత్ర ఖాళీ కడుపున నీళ్లతో వేసుకోండి, చీజు బాగా ఆగి తినండి.

మీ చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడే వణుకుతుంది. పని చెబితే తగ్గుతుంది. మొన్న నాకు కాఫీ కప్పు చుక్క ఒలక్కుండా అందించింది మీరే కదా. నా భయమల్లా కాళ్లతోనే. అతుక్కుంటే లాగకండి, పడతారు. ఆగిపోండి. బరువు ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదకి మారుస్తూ డోలు వినండి. దెబ్బ పడగానే అడుగు వేయండి.

విశ్రాంతి అన్నది నిద్ర గురించి. ఈ జబ్బు నేను నయం చేయలేనక్కా, ఆ మాట మీకు మొదటే చెప్పాను. అంతమాత్రాన మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టే హక్కు యదీరాకీ లేదు, నాకూ లేదు. ఈ కాగితం ఆమెకు చూపించండి.

మీ పక్షాన,
సొరాయిదా

---

ఎల్ బాంకో

ప్రియమైన డాక్టరమ్మకు,

పెద్దక్షరాలతోనే రాస్తున్నాను, కాగితం చాలకపోతే ఆ తప్పు మీదే.

యదీరా మీ ఉత్తరం చదివి, "మీ డాక్టరమ్మకు నీ తిక్క అంటుకుంది" అంది. కొవ్వొత్తులు మాత్రం ఇచ్చింది.

పండగనాడు చెయ్యి వణక్కుండా నిలిచింది. చర్చి మలుపు దగ్గర కాళ్లు అతుక్కున్నాయి. భయమేసింది, దాచుకోవడమెందుకు. కానీ లాగలేదు. కట్ట పైకెత్తి, నడుము అటూ ఇటూ ఊపుతూ నిలబడ్డాను. ఓరకంట చూద్దును కదా, వెనక వరుసంతా ఆగి ఉంది. అందరి కట్టలూ పైకి లేచాయి, అందరి నడుములూ ఊగుతున్నాయి. ముందు మనిషి ఏం చేస్తే అదే కదా మరి. డోలు దెబ్బ పడింది, అంతా కలిసి కదిలాం. జనం ఈలలు వేశారు.

నిన్న సాధనకి వెళ్తే యదీరా కొత్తపిల్లలకు ఆ ఆగడం నేర్పిస్తోంది. తప్పుగా నేర్పిస్తోంది.

"అత్తా, అక్కడ ఎంతసేపు ఆగాలి?" అని నన్నే అడిగింది.

"కాలు ఒప్పుకునేదాకా" అన్నాను.

వరుస ముందు నడిచే,
ఎనెయిద