ఆకు నానేసింది నేనే

అక్కా,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. ఇక్కడ బోధన్‌లో, అత్తగారింట్లో, నిన్న బీడీ ఆకు నానేసి తీయడం మరిచాను. పొద్దున చూస్తే చాలావరకు నల్లబడింది.

"ఎవలు నానేసిండ్రే గిది?" అని అత్త అడిగింది.

"మా అక్క" అనేశాను. చిన్నప్పుడు బాపు బెల్టు తీస్తే అదే అనేదాన్ని. నువ్వు కాదనకుండా దెబ్బలు తినేదానివి.

అత్త నా ముఖం చూసింది. "సచ్చిన పిల్లొచ్చి నానేసిందా బిడ్డా?" అంది మెల్లగా.

చేతులు తలకు అడ్డం పెట్టుకున్నాను. "నేనే" అన్నాను.

"గట్లనా? కూసో, మంచియి ఏరుదాం."

ఎవరూ కొట్టలేదక్కా. ఆ మాట ఎంత పెద్దదో నీకు తప్ప ఎవరికి చెప్పినా అర్థం కాదు.