మా పెరటి ఆకు టీ

లిటిల్ లండన్, వెస్ట్‌మోర్లాండ్
మార్చి 14, గురువారం

అమ్మాయి డెల్వీన్‌కు,

దేవుడు నిన్ను చల్లగా చూడాలని దీవించి మీ అమ్మ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం ఆనవాయితీ. కాని నీ కూతురు పొద్దుటి నుంచి కక్కుతూనే ఉంది, కాబట్టి ఆ ముక్క రాయను. ఫోనుండగా ఉత్తరమేమిటనుకుంటావు. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. నర్సువి కదా, నాలుగు గదమాయించి పెట్టేస్తావు. కాగితమైతే మధ్యలో అడ్డు రాలేవు. రేపో మాపో మినీబస్సు డ్రైవరు చేతికిచ్చి మాండెవిల్‌కు పంపిస్తాను.

శనివారం వచ్చి కెరిస్‌ను తీసుకుపోతానన్నావు. నేను పంపను. ఎందుకు పంపనో కుదురుగా కూర్చుని విను. నేనైతే కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఆగు, వేణ్ణీళ్లు అడుగుతోంది.

వచ్చాను. మళ్లీ స్నానాల గదిలోనే ఉంది. చర్మం ఎర్రగా కందేదాకా వేడినీళ్లు పోసుకుంటే గాని కడుపులో తిప్పుడు ఆగడం లేదు. పొయ్యి మీద ఒక గిన్నె దించీ దించకముందే ఇంకోటి ఎక్కించాలి. బుగ్గలు లోపలికి పోయాయి, గౌను వంకెకు తగిలించినట్టు వేలాడుతోంది. ఆసుపత్రిలో సెలైను ఎక్కించి ఇంటికి పంపేటప్పుడు, ఇంకోసారి ఇలా ఒంట్లో నీరంతా పోతే కిడ్నీలు దక్కవని డాక్టరు అన్న మాట నా చెవిలో జోరీగలా తిరుగుతోంది. నాకు భయం లేదనుకోకు.

జబ్బు అంటుకుంది ఆ నెగ్రిల్ కొట్లో. గంజాయి కొట్లో ఉద్యోగమంటే ముందు మురిసింది నేనే. లైసెన్సున్న కొట్టు, ఏసీ, యూనిఫాం. పోలీసులకు జడిసి మీ నాన్న చెరకు చాటున పెంచిన మొక్కను ఇప్పుడు అద్దాల బీరువాలో పెట్టి అమ్ముతున్నారు కదా అని ముచ్చటపడ్డాను. అక్కడ చేరాకే పిల్ల గంజాయి నూనె పోసిన ఆ పెన్ను లాంటిది పీల్చడం మరిగింది. ఏళ్ల తరబడి, పొద్దస్తమానం, బిళ్ల చప్పరించినట్టు.

మొన్న నేనే ఆ కొట్టుకు వెళ్లాను, చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని మరీ. కౌంటరులో కెరిస్‌తో కలిసి పనిచేసిన షెనాయ్ అనే అమ్మాయి ఉంది. ఏమమ్మా, మా పిల్లకేం పోశారే మీరు అని అడిగేశాను. టూరిస్టులంతా తిరిగి చూశారు. చూడనీ, నాకేం. పాపం ఆ పిల్ల నన్ను కూర్చోబెట్టి, చల్లటి నీళ్లిచ్చి, విడమరిచి చెప్పింది. మన పాత ఆకులో మత్తెక్కించే సరుకు నూటికి నాలుగైదు పాళ్లు ఉండేదట. ఇప్పుడు ఏరి ఏరి జతకట్టించి పెంచే మొక్కల పూమొగ్గల్లో ఇరవై, పాతిక. ఆ పెన్నులో పోసే నూనె, మైనంలా ఉండే ముద్ద అయితే డెబ్భై, ఎనభై. మీ కాలంలో అంకులు సాయంత్రమంతా కూర్చుని పీల్చింది, ఇప్పుడు రెండు దమ్ముల్లో లోపలికి పోతుంది ఆంటీ, అంది. కొందరికి గుండె దడట, కొందరికి ఎవరో పిలుస్తున్నట్టు లేనిపోని గొంతులట, కొందరికి ఇదిగో ఇలా వాంతులట. రోజూ లాగితే, కడుపుకు మంచిదనుకున్నదే ఒక్కోసారి కడుపు మీద తిరగబడుతుందట.

రంగురంగుల జెల్లీ మిఠాయిలూ చూపించింది. పొగ అయితే వెంటనే ఎక్కుతుందట, తిన్నది గంటకో రెండు గంటలకో గాని తెలియదట. ఏమీ కాలేదే అని ఇంకోటి, ఇంకోటి తిని ఆసుపత్రిలో పడుతున్నారట. ఓపిక లేని వెధవలకు తగిన శాస్తి అన్నాను. పిల్ల పకపకా నవ్వింది.

కాబట్టి తేలిందేమిటి? తప్పు ఆ నూనెది. కెరిస్ ఉద్యోగం మానేసి, పెన్నును నా కళ్లముందే మరుగుదొడ్డి గోతిలో పడేసింది. నెల దాటింది. మళ్లీ ముట్టలేదని బైబిలు మీద చెయ్యి వేసి చెప్పింది, నేను నమ్మాను. మరి ఇంకా వాంతులెందుకమ్మా, నీ ఆకు టీ ఆపు ముందు, అని ఫోనులో నా మీద అరిచావు.

ఆ మాటకే నా ఒళ్లు మండింది. మా ముత్తాత కలకత్తాలో ఓడెక్కి ఈ దీవిలో చెరకు తోటల్లోకి కూలికి వచ్చేటప్పుడు ఈ విత్తనాలు మూటలో కట్టుకొచ్చాడంటారు. జ్వరమొస్తే అదే, ఉబ్బసానికి అదే, కడుపునొప్పికీ అదే. నీ చిన్నప్పటి దగ్గుకు ఎవరు కాచి పోశారనుకున్నావు? గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట. నూనె వేరు, ఆకు వేరు. పిల్ల కక్కినప్పుడల్లా గుప్పెడు మొగ్గలు, కొబ్బరిపాలు, కాస్త జాజికాయ వేసి చిక్కగా కాచి ఇస్తున్నాను. కళ్లు మూసుకుని బుద్ధిగా తాగుతోంది. ఆ మాత్రం లోపలికి పోబట్టే మనిషి నిలిచి ఉంది.

నమ్మవు కదూ. సరే. బీపీ మాత్రలు మొదలైనప్పటి నుంచి, ఏడాది పైగా, నేను ఆ టీ నోట పెట్టలేదు. ఇప్పుడు పిల్లకు కాచిన గిన్నెలోంచే ఒక పెద్ద కప్పు పోసుకున్నాను. తాగుతూనే రాస్తున్నాను. అక్షరం వణికిందేమో చూసుకో.

పక్కింటి బర్చెల్ దగ్గరికి పోయి ఒక సీమపనస కాయ అడిగి తెచ్చుకున్నాను. అరగంట పైనే అయింది. ఏమైంది నాకు? ఏమీ కాలేదు. సాక్ష్యం గట్టిగా ఉండాలని ఇంకో కప్పు కూడా పోసుకున్నాను. గుమ్మంలో నిలబడి అమ్మమ్మా వద్దే, చాలే, అంటోంది నీ కూతురు. నోరు మూసుకుని పడుకోమన్నాను.

కాబట్టి శనివారం నువ్వు రానక్కర్లేదు. పిల్ల నా దగ్గరే ఉంటుంది, నా చేతి మీదే కోలుకుంటుంది.

నీకంటే ముందు పుట్టి, నీకంటే నాలుగు జబ్బులు ఎక్కువ చూసిన
మీ అమ్మ
ఐరిస్ మరాగ్

తా.క. శుక్రవారం మధ్యాహ్నం.

నిన్న ఈ ఉత్తరం మడిచిపెట్టి సీమపనస కాల్చబోయాను. పొయ్యి నా నుంచి దూరంగా జరిగిపోయింది. గుండె రొమ్ము పగిలేలా కొట్టుకుంది, నా చేతులు నావి కావనిపించింది. చచ్చిపోతున్నాననుకున్నాను డెల్వీన్. సిగ్గు విడిచి చెబుతున్నాను, వంటింటి నేల మీద పడి, ఎప్పుడో పోయిన మా అమ్మను పిలిచి ఏడ్చాను. తర్వాత పేగులు తెగేలా వాంతులు. నిలబడే ఓపిక లేని పిల్ల కేకలేసి బర్చెల్‌ను పిలిచింది. అతను మమ్మల్నిద్దరినీ కారులో క్లినిక్‌కు చేర్చాడు. ఇద్దరికీ సెలైను పెట్టారు, పక్కపక్క మంచాల మీద.

డాక్టరమ్మ అడిగితే టీ సంగతి చెప్పాను. బర్చెల్ ముఖం పాలిపోయింది. అక్కా, మీ పాత మొక్క వానలకు కుళ్లిపోయాక నేను తెచ్చిచ్చిన నారు మా లైసెన్సు తోటలోది కదా, నెగ్రిల్ కొట్టుకు నూనె తీసేది ఆ మొక్కల నుంచే, అన్నాడు. పైగా కొబ్బరిపాలలో కాస్తే మొగ్గల్లోని సరుకంతా కొవ్వులోకి దిగిపోతుందట. పాత ఆకైనా సరే, పొగైనా, టీ అయినా, మిఠాయి అయినా, ఈ పిల్లకు చుక్క తగలకూడదు, పూర్తిగా మానితేనే వాంతులు ఆగుతాయి అని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. నువ్వు ఫోనులో చెప్పిందీ అదే.

పొద్దున ఇంటికొచ్చి మొక్కను వేళ్లతో సహా పీకేశాను. పిల్ల బట్టలు సర్దిపెట్టాను. ఈ ఉత్తరం సాయంత్రానికల్లా నీకు చేరుతుంది, శనివారం మొదటి బస్సుకే రా.

ఒక్కటి మాత్రం ఫోనులో నీకు చెప్పలేను, అందుకే రాస్తున్నాను. నేల మీద పిల్ల నా తల తన ఒళ్లో పెట్టుకున్నప్పుడు, నీకూ ఇలాగే ఉండేదా తల్లీ అని అడిగాను. తాగినప్పుడల్లా ఇంతే అమ్మమ్మా, అంది. మరి ఎందుకు తాగావే అన్నాను. నువ్వు కప్పు పట్టుకుని మంచం పక్కన కూర్చుని నా ముఖంలోకి అలా చూస్తుంటే, వద్దని ఎలా అనను, అంది.