నీ భాగం బుట్టమిరపలు

స్నెజానాకు,

ఈ వసంతంలో మనిద్దరం కలిసి ఊరవతల పొలం పంటలో వాటా తీసుకున్నాం కదా. ఆ వాటా కూరగాయల పెట్టె ఇంకా ప్రతివారం మా గుమ్మంలోకే వస్తోంది. నువ్వు నా మొగుడు రూమెన్‌తో వెళ్లిపోయావని పొలంవాళ్లకు ఎవరు చెబుతారు? నీ భాగం దోసకాయలు కూడా నేనే ఉప్పునీళ్లలో ఊరవేశాను. టమాటాలు ఉడికించి సీసాలకెత్తాను. ఎర్ర బుట్టమిరపలు మాత్రం ఒక్కదాన్నే కాల్చి ఒలవలేక సగం కుళ్లబెట్టాను. పక్కింటి రాడ్కా మామ్మ గోడ మీంచి చూసి, "ఒక్కదానివే చస్తున్నావేమే, నీ నేస్తం ఏదీ?" అంది. "జ్వరమట మామ్మా" అన్నాను.

రూమెన్‌కి నా చేతి మిరప పచ్చడి కావాలట, ఎలా చేయాలో రాయమని కబురు పంపావు. రాస్తున్నాను. కాయలు నల్లబడేదాకా కాల్చి, మూతపెట్టి మగ్గనిచ్చి, తొక్క తీసి, టమాటా గుజ్జుతో దగ్గరపడేదాకా కలుపుతూనే ఉండు. అతను ఒక్క కాయ కూడా ఒలవడు. అంతా అయ్యాక రొట్టెముక్క పట్టుకుని వచ్చి రుచి చూసి, "పోయినేడాదిదే బాగుంది" అంటాడు. నాతో ఏటా అదే మాట అన్నాడు.

ఈసారి నీతో అంటాడు. పోయినేడాదిది ఎవరు చేశారని మాత్రం అడక్కు.