ద బదులు ర పడింది

దిల్‌సుఖ్‌నగర్, శుక్రవారం

బాపూ, నేను క్షేమం, నా పని పోలేదు. అమ్మకు ముందు ఈ మాట చెప్పు. ఫోన్‌లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను.

ఎల్బీనగర్ దేవసహాయం మాస్టారు బైబిలును మూలభాషల్లో నేర్పే పుస్తకం మా ప్రెస్సులో అచ్చు వేయిస్తున్నారు. టైపు చేసింది నేనే; చేస్తూ చేస్తూ ఆ అక్షరాలు, కొన్ని మాటల అర్థాలు పట్టుబడ్డాయి. నిన్న మిషన్ నడుస్తుండగా ఒక కాగితం తీసి చూస్తే నా తప్పు కనపడింది. హీబ్రూలో ద, ర దాదాపు ఒకేలా ఉంటాయి. దేవుడు ‘ఒక్కడే’ అని ఉండాల్సిన చోట ద బదులు ర కొట్టి ‘వేరొకడు’ అని చేశాను.

మా సేటు నరేష్‌కుమార్‌కు చెప్పాను. “గా భాష ఎవరు చదువుతరు? నడువనీ,” అన్నాడు. నేనే వెళ్లి మిషన్ ఆపేశాను. “రేపటి నుంచి రాకు!” అని అరిచాడు. మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన ఆటోలో వచ్చి, భూతద్దం పెట్టి చూసి, కుర్చీలో కూలబడ్డారు.

“ప్రూఫు దిద్దింది నేనేనమ్మా, నాకే కనపడలేదు,” అన్నారు. సేటు వైపు తిరిగి, “ఈ అమ్మాయి మొత్తం చూశాకే అచ్చెయ్యండి,” అన్నారు. సేటు పళ్లు కొరికి, “రేపు జర జల్ది రా,” అన్నాడు నాతో.

చెవిలో మందు వేసుకుంటున్నావా? మగ్గం మీదున్న చీర అయిపోయిందా? తమ్ముడితో నా స్వెటర్ పంపు. అమ్మకు, నానమ్మకు దండాలు.

ఆదివారాలు వాళ్ల చర్చికి వచ్చి ఆ భాష సరిగా నేర్చుకోమని మాస్టారు అంటున్నారు. మన ఇంట్లో ఎవరూ చర్చి గడప తొక్కలేదు. వెళ్లమంటావో వద్దంటావో రాయి. నాకైతే వెళ్లాలని ఉంది.

నీ బిడ్డ
సంతోషి