బల్ల మీద నీ ఆకు

పైడమ్మా,

నువ్వెళ్లిపోయి ఇయ్యాలకి ఏడాది. నీకు తెలీని కబురొకటుంది. విశాఖలో నాకు తుంటి కీలు మార్చేరు. చోడవరం వచ్చేసేను గానీ, వాకర్ పట్టుకుని వీధి గుమ్మందాకా వెళ్తేనే ఒళ్లు సోలిపోతంది. కాళ్ల మధ్య తలగడ పెట్టుకునే పడుకోవాలి. నేల మీద కూకోకూడదని డాక్టరు గట్టిగా చెప్పేడు.

మరి పోయినోళ్ల పేరున అరిటాకేసి, కింద కూకునే కదా వడ్డించాలి. మా చెల్లి నూకాలు వచ్చి, "నాను వడ్డిస్తాన్లే అన్నయ్యా, నువ్వు సూస్తా ఉండు" అంది. నాకు మనసొప్పలేదు. నీకు నేనే వడ్డించాలి. ఆకు చంకలో పెట్టుకుని, వాకర్ జరుపుకుంటా వెళ్లి బల్ల మీద పరిచేను.

"ఇదేటన్నయ్యా, పోయినోళ్లకి బల్ల మీద పెడతారేటి? ఊరోళ్లు నవ్వుతారు."

"మీ వదినకీ మోకాళ్ల నొప్పులే కదే. గోడ పట్టుకుని లేచేది గానీ ఏ రోజూ కుర్చీ అడగలేదు."

అన్నం పెట్టి, నీకిష్టమైన ఆనపకాయ పులుసు పోసేను. వాకర్ వదలకుండా ఒంటిచేత్తో పోసేనేమో, కొంచెం ఒలికితే నూకాలే తుడిచింది. తరవాత గోడవారనున్న కుర్చీ లాక్కొచ్చి, నీ ఆకు ముందేసింది.