చివరి బండ కింద చెప్పులు

1981 మార్చి 2, సోమవారం

ఏటూరునాగారం సంబంధం కూడా పోయింది.

నిన్న తెల్లవారుజామునే బాపు అతన్ని గుట్ట ఎక్కించడానికి తీసుకుపోయాడు. ఎవరొచ్చినా అంతే. చదువు, జీతం, చర్చి మెంబర్‌షిప్ అన్నీ తర్వాత. ముందు గుట్ట. ఇరవై ఏళ్లు డ్రిల్ మాస్టరు ఉద్యోగం చేసిన మనిషి, రిటైరయ్యాక డ్రిల్ చేయించడానికి పిల్లలు లేరు. నాకొచ్చే పెళ్లికొడుకులు ఉన్నారు.

ఈ అబ్బాయి ఫారెస్టులో గార్డు. పది నిమిషాల్లో పైకి పోయి టవల్ ఊపాడట. బాపు ఇంటికొచ్చి వరండాలో కాన్వాస్ బూట్లు విప్పుకుంటూ, "పిలగాడు మంచిగనే ఉన్నడు గని..."

'గని' అన్నాడంటే అయిపోయినట్టే.

"కోతి లెక్క ఎక్కిండు. నిలుకడ లేదు."

సంక్రాంతి ముందు వచ్చిన హైదరాబాద్ అబ్బాయి సగంలో కూలబడి నీళ్లడిగాడు. అతనికి దమ్ము లేదన్నాడు బాపు. అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ అడిగింది — "ఎక్కినోడు వద్దు, ఎక్కనోడు వద్దు. మరి పైనుంచి దిగేటోని కోసం చూస్తానవా?"

మార్చి 4

డే డ్యూటీ. పొద్దున టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో కూర్చోగానే అన్ని లైన్లూ టెస్ట్ చేయాలి. హెడ్‌సెట్ పెట్టుకుని, బోర్డులో కార్డు తీగ గుచ్చి, అవతలి ఊరి ఆపరేటర్‌తో కాసేపు మాట్లాడి గొంతు సరిగా వినిపిస్తోందో లేదో చూడాలి. అందరం ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాం. స్టేషన్ ఘన్‌పూర్ లైనులో మాత్రం నేను లెక్కపెట్టను. గుట్ట సంగతి చెప్తాను. పోయిన వానాకాలం ఒకరోజు విసుగొచ్చి మొదలుపెట్టాను, ఇప్పుడు అక్కడి ఆపరేటరే అడుగుతాడు.

"వరంగల్, గుట్ట మీద ఎట్లుంది?"

"కింది మెట్లు మంచిగున్నయ్. మోదుగుపూలు రాలినయ్, తొక్కితే జారుతాంది. నడుమల మొరం అంతా వదులైంది. పైన బండ ఎనిమిదింటికే కాలుతాంది."

"క్లియర్‌గ వినవడ్డది మేడం."

నేను వరంగల్. అతను ఘన్‌పూర్. పేర్లు ఎవరూ అడగలేదు. మనిషి ఎట్లుంటాడో తెలియదు. గొంతు మాత్రం బాగుంటుంది.

మార్చి 9

పొద్దున గుట్టకు పోయొచ్చాను, గడ్డి ఎండింది. చీర అంచు నిండా ముళ్లగింజలు. డ్యూటీలో కూర్చుని ఏరుకుంటుంటే సూపర్‌వైజర్ మేడం వెనక నుంచి — "ఎక్స్ఛేంజ్‌కు వచ్చినవా, గడ్డి కోసుకొని వచ్చినవా?"

మార్చి 13

టెస్టింగ్‌లో, మొరం గురించి చెప్తుండగా, ఘన్‌పూర్ మధ్యలో ఆపాడు.

"మీ ఎక్స్ఛేంజ్, మీ గుట్ట ఆనవాలు వట్టుకొని మా మేనత్త మీ చర్చి అయ్యగారితోని మాట్లాడింది."

"దేని గురించి?"

"నా గురించి. మీ గురించి."

చేతికందిన కార్డు పీకేశాను. అది ఘన్‌పూర్ కార్డు కాదు. ఎవరో వడ్ల వ్యాపారి హైదరాబాద్‌తో మాట్లాడుతున్న కార్డు. ఆయన మళ్లీ బుక్ చేసి నన్ను పావుగంట తిట్టాడు. ఒక్క ముక్కా చెవికెక్కలేదు...

మార్చి 15, ఆదివారం

ఆరాధన అయ్యాక అయ్యగారు బాపును పక్కకు పిలిచారు. ఘన్‌పూర్ అబ్బాయి, పేరు ప్రభాకర్, మంచి కుటుంబం, టెలిఫోన్ డిపార్ట్‌మెంటే. ప్రభాకర్. ఎనిమిది నెలలుగా మాట్లాడుతున్న మనిషి పేరు ఈరోజు తెలిసింది.

బాపు — "గుట్టకు తీస్కపోదాం."

అయ్యగారు ఇంకోటి కూడా చెప్పారు. ఈ ఈస్టర్‌కు తెల్లవారుజాము ప్రార్థన సమాధుల తోటలో కాదు, గుట్ట పైన. సూర్యుడు లేస్తుంటే సంఘపెద్దగా బాపు అక్కడ వాక్యం చదవాలి. అందరూ సంతోషంగా ఆమెన్ అన్నారు. బాపు ఆమెన్ కాస్త ఆలస్యంగా వచ్చింది.

మార్చి 18

వీక్లీ ఆఫ్. బాపుతో గుట్టకు.

చివరి బండ దగ్గర ఎప్పటిలాగే బాపు ఆగాడు. అది నిటారుగా ఉంటుంది. కాలివేళ్లు పట్టేంత గాట్లు చెక్కి ఉంటాయి, చెప్పులతో ఎక్కితే జారుతుంది. కింద విడిస్తే కోతులు ఎత్తుకుపోతాయి. అందుకని "నువ్వు పో బిడ్డా, నేను చెప్పులు జూస్త."

పోయాను. పైనుంచి కిందికి చూస్తే బాపు బండకు వీపు పెట్టి నా చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు. ఎందుకో అప్పుడు తట్టింది. చిన్నప్పుడు స్కూలు పిల్లలతో వచ్చినప్పుడు చెప్పులు చూశాడు. మేనమామ వాళ్లు వచ్చినప్పుడు చెప్పులు చూశాడు. ఫారెస్ట్ గార్డు టవల్ ఊపినప్పుడు కూడా కింద అతని చెప్పుల దగ్గరే ఉండి ఉంటాడు.

నేను బాపును పైన ఎప్పుడూ చూడలేదు.

దిగొచ్చి అడిగాను. "బాపూ, పైనుంచి ధర్మసాగర్ చెరువు ఎట్ల కనవడ్తదో చూసినవా?"

"అన్ని చెరువులు ఒక్కతీరే ఉంటయ్. నడువ్."

మార్చి 19

అమ్మను అడిగాను. అమ్మ నవ్వింది.

"ఇంట్ల బల్బు పోతే ఎవరు మారుస్తరే?"

అమ్మే. స్టూలు ఎక్కేది అమ్మ. స్టూలు పట్టుకునేది బాపు. పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను.

"పెండ్లయిన కొత్తల నన్ను గుట్టకు తీస్కపోయిండు. నేను పైకి పోయిన. ఆయన నా చెప్పులు గాసిండు."

"నువ్వేమనలేదా?"

"ఏమంట? ఎవరి మొగడు చెప్పులు గాస్తడే?"

ఇప్పుడు అర్థమైంది, బాపుకు ఎత్తంటే భయం. ఎక్కినవాణ్ణి చూస్తే బాపుకు సిగ్గు. ఎక్కలేనివాడిలో తనే కనిపిస్తాడు, అది ఇంకా సిగ్గు. ఈ పరీక్షలో పాసయ్యేవాడు ఈ జిల్లాలో లేడు. ప్రభాకర్ కూడా అదే గుట్ట ఎక్కాలి.

నాకు ఆ గొంతు కావాలి. ఇక్కడ రాసుకుంటున్నాను. ఇంకెవరికీ చెప్పను.

మార్చి 26

ఖాయమైంది. ప్రభాకర్, వాళ్ల మేనత్త ఈస్టర్ ముందురోజే వస్తారు, అయ్యగారింట్లో ఉంటారు. పొద్దున అందరితోపాటు గుట్ట. బాపు — "మళ్లమళ్ల ఎందుకు, ప్రార్థన అయితది, పిలగాణ్ణి చూసుడూ అయితది." నోటితో ధైర్యంగానే అన్నాడు. అన్నం మాత్రం సగం వదిలేశాడు.

ఏప్రిల్ 3

బాపు మోకాలు చెక్కుకుపోయింది. అమ్మ పసుపు అద్దుతూ, "ఏమైంది?"

"గేటు తగిలింది."

మా ఇంటికి గేటు లేదు. కాన్వాస్ బూట్ల ముందు భాగం మొత్తం గీసుకుపోయి ఉంది. అమ్మ, నేను మొహాలు చూసుకున్నాం. ఎవరం ఏమీ అనలేదు. ఒక్కడే పోయి బండ మీద సాధన చేస్తున్నాడు, పిచ్చి బాపు.

ఏప్రిల్ 8

సాయంత్రం వడగండ్ల వాన. బాపు వరండాలో నిలబడి ఇంత సంతోషంగా వాన చూడటం నేనెప్పుడూ చూడలేదు.

"గుట్ట మొత్తం జారుతది. అయ్యగారికి చెప్పాలె. ముసలోళ్లున్నరు, ఆడోళ్లున్నరు..."

ఏప్రిల్ 9

ఎండ. తొమ్మిదింటికల్లా గుట్ట ఆరిపోయింది.

ఏప్రిల్ 11

ఈసారి తేనెతుట్టె. పైన పెద్ద తుట్టె ఉందని అయ్యగారికి చెప్పాడు. ఆయన చర్చి వాచ్‌మన్‌ను పంపి చూపించారు. తుట్టె లేదు. "దేవుడు దారి సాఫ్ చేసిండు" అన్నారట. బాపు ఆమెన్ అన్నాడట.

ఏప్రిల్ 14

ఈరోజు టెస్టింగ్‌లో గుట్ట మొత్తం చెప్పాను. సూపర్‌వైజర్ మేడం టీకి పోయిన సమయం చూసి.

"కింది మెట్ల మీద వేపపూత రాలింది, ఎడమకు నడువు. నడుమల మొరం, వానకు ఇంత గండి పడ్డది, కట్టె పట్టుకో. తర్వాత సీతాఫలం పొదలు, ఆకు లేదు, ముళ్లకంపలు అడ్డం వస్తయ్. ఆఖరుకు ఒక నిటారు బండ. చెప్పులు కింద ఇడవాలె."

"కోతులు ఎత్కపోవా?"

"బాపు కాస్తడు."

"ఎప్పుడూనా?"

అంతకుమించి చెబితే బాపును అమ్మేసినట్టే. చెప్పకపోతే ఈ గొంతు రోజూ టెస్టింగ్‌కు తప్ప నాకు దొరకదు.

"ఎప్పుడూ," అన్నాను. అంతే.



"క్లియర్‌గ వినవడ్డది, వరంగల్."

ఏప్రిల్ 17, గుడ్ ఫ్రైడే

మూడు గంటల ఆరాధన. బాపు మోకాళ్ల మీదినుంచి అందరికంటే చివర లేచాడు. దేని గురించి ప్రార్థించాడో నాకు తెలుసు.

ఏప్రిల్ 19, ఈస్టర్

మొత్తం రాయాలి.

చీకటి ఉండగానే గుట్ట కింద అందరం. లాంతర్లు, పిల్లలు, అయ్యగారి హార్మోనియం మోసే ఇద్దరు. ప్రభాకర్ వచ్చాడు. గొంతు పొడుగు, మనిషి పొట్టి. నాకంటే ఒక్క వేలెడు ఎత్తుంటాడేమో. నా వంక చూసి వెంటనే నేలచూపులు చూశాడు. నేనూ అంతే. తొమ్మిది నెలలు మాట్లాడి, ఎదురుపడితే ఇద్దరికీ మాట లేదు.

"వందనాలు సార్," అన్నాడు బాపుతో.

బాపు విజిల్ ఊదాడు. అందరం బయల్దేరాం.

మెట్ల దగ్గర ప్రభాకర్ ఎడమకు జరిగాడు. గండి రాకముందే కట్టె పట్టుకున్నాడు. "ముంగట ముళ్లకంపలుంటయ్ అత్తా, జర వంగు," అన్నాడు వాళ్ల మేనత్తతో. బాపు ఆగిపోయాడు.

"ఇంతకుముందు ఎక్కినవా?"

"లేదు సార్."

"మరి?"

"విన్న."

బాపు ఇంకేదో అడగబోయి ఊరుకున్నాడు. ఆయన తలకాయ నిండా చివరి బండే ఉంది కాబట్టి బతికిపోయాం.

చివరి బండ. అందరూ చెప్పులు విడిచి ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. డెబ్బై దాటిన మరియమ్మ కూడా ఎక్కింది. పైనుంచి అయ్యగారు పిలిచారు — "పెద్దాయనా, రండి. వాక్యం టైమైంది."

బాపు బైబిల్ చంకలో పెట్టుకుని బూట్లు విప్పాడు. మొదటి గాటులో కాలు పెట్టాడు. ఆ కాలు వణుకుతోంది. నేను సగం బండ మీద ఉన్నాను, పైనుంచి కనిపిస్తోంది. సంఘం అంతా చూస్తోంది. దిగి చేయి పట్టుకుందామంటే ఇంకా పరువు పోతుంది. ఏం చేయాలో తోచలేదు, ఏడుపొచ్చింది.

అప్పుడు కింద నుంచి ప్రభాకర్, ట్రంక్ లైనులో దూరపు ఊరిని పిలిచే గొంతుతో —

"సార్, నాకు భయమైతాంది. నేను పైకి రాలేను. జర నాకు తోడుంటరా?"

గుట్టంతా విన్నది. వాళ్ల మేనత్త పైనుంచి తల కొట్టుకుంది. పెళ్లిచూపులకు వచ్చి ఇట్లాంటి మాట ఎవరైనా అంటారా.

బాపు కాలు కిందికి దించాడు.

"అయ్యగారూ, పిలగానికి భయమైతాందట. ఒక్కణ్ణి ఎట్ల ఇడిసిపెడ్తం? నేను ఈణ్నుంచే చదువుత, మీకు ఫికర్ వద్దు."

చదివాడు. డ్రిల్ మైదానంలో ఆఖరి వరస పిల్లాడికి వినపడాలని పెంచుకున్న గొంతు అది. పైన మా అందరికీ ప్రతి మాటా వినిపించింది. కింద హనుమకొండకు కూడా వినిపించే ఉంటుంది. అప్పుడే సూర్యుడు లేచాడు, దూరంగా ధర్మసాగర్ నీళ్లు మెరిశాయి. ఆఖరి పాట మధ్యలో కింద విజిల్. మేనత్త చెప్పు ఒకటి కోతి ఎత్తుకుపోయింది. దాని వెనక బాపు, బాపు వెనక ప్రభాకర్. ఇటు హల్లెలూయ, అటు విజిల్. అయ్యగారు కళ్లు మూసుకుని పాడుతూనే ఉన్నారు.

చెప్పు దొరకలేదు. మేనత్త ఒక్క చెప్పుతో దిగింది.

ఇంటికొచ్చాక బాపు బూట్లు విప్పుకుంటున్నాడు. నేను తలుపు వెనక.

"పిలగాడు మంచోడు," అన్నాడు.

'గని' కోసం ఎదురుచూశాను. రాలేదు.

"భయమైతే భయమైతాందని చెప్పిండు. గంతమంది ముందట. గా ధైర్యం అందరికుండదు."

వంటింట్లోకి పోయి ఏడ్చాను. అమ్మ చూసి ఉల్లిగడ్డలు నా ముందు పెట్టింది. కోస్తున్నట్టుంటుందని.

ఏప్రిల్ 22

ఆఫ్. గుట్ట. మొరం గండి ఎవరో రాళ్లతో పూడ్చారు. తునికి పండ్లు రంగు తిరుగుతున్నాయి.

చివరి బండ దగ్గర బాపు కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను.

"పో బిడ్డా, ఎండెక్కుతాంది."

లేచాను. చెప్పులు విడిచాను. బాపు వాటిని దగ్గరికి జరుపుకుంటూ, నా వంక చూడకుండా —

"నువ్వు పెండ్లయి పోయినంక నేనెవరి చెప్పులు గావాలె?"

పైకి పోయి చాలాసేపు అక్కడే ఉన్నాను, మొహం మామూలయ్యే దాకా. దిగొచ్చేసరికి చెప్పులు దుమ్ము దులిపి, నేను దిగి వేసుకోవడానికి వీలుగా తిప్పి పెట్టి ఉన్నాయి.

ఏప్రిల్ 23

టెస్టింగ్.

"వరంగల్, గుట్ట మీద ఎట్లుంది?"

"గుట్ట సంగతి తర్వాత. ఒకటి అడుగుత, నిజం చెప్పు. ఆ రోజు నిజంగనే భయమైందా?"

గర్రుమని చప్పుడు.

"ఘన్‌పూర్? వినవడ్తాందా?"

"మూడు నిమిషాలు అయినయ్ మేడం."

లైను తీసేశాడు. టెస్టింగ్‌కు మూడు నిమిషాల లెక్క ఎక్కడిది, అది ట్రంక్ కాల్‌కు కదా. మళ్లీ కార్డు గుచ్చాను, ఎత్తలేదు. సూపర్‌వైజర్ మేడం చూస్తోంది.

నాకు తెలియాలి. రేపు పెళ్లయ్యాక మా ఇంట్లో బల్బు ఎవరు మార్చాలో తెలియొద్దా...